‘ది ప్రాక్టీస్’: చిన్న ఆఫీసు, అద్దె బాకీ, ఖూనీ కేసులు

టీవీలో కనిపించే ప్లీడర్లకు సాధారణంగా ఆఫీసు అద్దె బాధ ఉండదు. గాజు గోడలు, నున్నటి బల్లలు, లోపలికి అడుగుపెట్టగానే పలకరించే రిసెప్షనిస్టు, అడిగినంత ఫీజుకు అక్కడికక్కడే చెక్కు రాసిచ్చే కక్షిదారు ఉంటారు. వకాల్తా మీద సంతకం పెట్టించుకున్నాక ఫీజు కోసం వాయిదా మీద వాయిదా ఎదురుచూసే ప్లీడరు ఆ తెర మీదికి రాడు. అమెరికాలోని ఏబీసీ ఛానల్లో 1997 మార్చి నుంచి 2004 మే వరకు ఎనిమిది సీజన్లుగా, మొత్తం 168 ఎపిసోడ్లుగా నడిచిన ‘ది ప్రాక్టీస్’ మాత్రం సరిగ్గా అతనితోనే మొదలవుతుంది. బోస్టన్ నగరంలో బాబీ డానెల్ అనే క్రిమినల్ లాయరు నడిపే చిన్న ఆఫీసు, అందులో పనిచేసే కొద్దిమంది, వాళ్ళను వెతుక్కుంటూ వచ్చే దొంగలు, మత్తుమందు అమ్మేవాళ్ళు, హంతకులు, అప్పుడప్పుడు నిజంగానే ఏ పాపమూ ఎరగనివాళ్ళు: కథంతా ఇదే. కర్నూలు జిల్లా కోర్టులో చాలాకాలంగా అలాంటి చిన్న ఆఫీసునే నడుపుతున్న న్యాయవాదిగా నేను దీన్ని కేబుల్ రోజుల్లో ముక్కలు ముక్కలుగానూ, ఈమధ్య మొదటి నుంచి చివరిదాకా వరుసగానూ చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అద్దె, ఫీజు, అంతరాత్మ, ఈ మూడూ కథకు కేంద్రంగా ఉన్నంతకాలం దీనికి సాటివచ్చే కోర్టు నాటకాన్ని నేను చూడలేదు. వాటిని పక్కనపెట్టి ప్లీడర్లనే కత్తిపోట్లకూ ఖూనీ కేసులకూ గురిచేయడం మొదలుపెట్టాక మాత్రం ఈ ధారావాహిక తన పరువును చాలావరకు తానే పోగొట్టుకుంది.

సృష్టికర్త డేవిడ్ ఈ. కెల్లీ స్వయంగా న్యాయవాది. బోస్టన్ విశ్వవిద్యాలయంలో లా చదివి, అదే నగరంలో కొంతకాలం ప్రాక్టీసు చేసి, ఆ తరవాత ‘ఎల్.ఎ. లా’ అనే ధారావాహికకు రచయితగా వెళ్ళి టెలివిజన్లో స్థిరపడ్డాడు. ఆ పాత ధారావాహికలో ప్లీడర్లు డబ్బున్నవాళ్ళు, అందమైనవాళ్ళు, ఖరీదైన సూట్లు తొడిగేవాళ్ళు. ‘ది ప్రాక్టీస్’ దానికి జవాబుగా పుట్టిందని చూస్తున్నకొద్దీ తెలిసిపోతుంది. చాలా ఎపిసోడ్లను కెల్లీ తానే, పసుపుపచ్చ లీగల్ ప్యాడ్ల మీద చేత్తో రాశాడు. కోర్టులో నిలబడ్డ మనిషి రాసిన రాత అని చిన్న చిన్న చోట్ల పట్టుబడుతుంది: జడ్జి ఒప్పుకోడని తెలిసీ ప్రశ్న వేయడం, అవతలి పక్షం అభ్యంతరం చెప్పేలోగా అది జ్యూరీ (నేరం రుజువైందో లేదో తేల్చే సామాన్య పౌరుల బృందం) చెవిన పడనివ్వడం, ఆ తరవాత ఏమీ ఎరగనట్టు ప్రశ్నను ఉపసంహరించుకోవడం లాంటివి బయటినుంచి చూసి రాసేవాళ్ళకు ఆ లెక్కలో రావు. 1998లోనూ 1999లోనూ వరుసగా ఉత్తమ డ్రామాగా ఎమ్మీ (అమెరికా టీవీ రంగంలో పెద్ద అవార్డు) దీనికే వచ్చింది. రెండో ఏడాది ఉత్తమ కామెడీ అవార్డు కూడా కెల్లీదే అయిన ‘ఆలీ మెక్‌బీల్’కు దక్కింది. ఒకే మనిషి ఏకకాలంలో రెండు ధారావాహికలు రాయడం ఘనకార్యమే కానీ, ఆ అలసట తరవాతి సీజన్ల మీద పడిందని నా అనుమానం.

డిలన్ మెక్‌డర్మట్ పోషించిన బాబీ డానెల్ ఆఫీసుకు యజమాని. ముఖం మీద ఎప్పుడూ దిగులు కప్పుకొని ఉండే ఈ పాత్రకే పేరూ, 1999లో గోల్డెన్ గ్లోబ్ అవార్డూ వచ్చాయి. నా దృష్టిలో మాత్రం ఆఫీసును మోసేది అతను కాదు. స్టీవ్ హారిస్ చేసిన యూజీన్ యంగ్, క్యామ్రిన్ మాన్‌హైమ్ చేసిన ఎలెనార్ ఫ్రట్, మైకేల్ బడలూకో చేసిన జిమ్మీ బెర్లూటీ, ఈ ముగ్గురే నిజమైన స్తంభాలు. మాన్‌హైమ్‌కు 1998లో, బడలూకోకు 1999లో సహాయపాత్రల విభాగంలో ఎమ్మీలు వచ్చాయి. హారిస్‌కు రాకపోవడం అన్యాయమని నా ఉద్దేశం, ఎందుకంటే గొంతు పెంచకుండా జ్యూరీని తనవైపు తిప్పుకోవడం ఎలాగో ఈ ధారావాహిక మొత్తంలో అతను చూపినంత బాగా ఇంకెవరూ చూపలేదు. హార్వర్డ్‌లో చదివి ఈ చిన్న ఆఫీసుకు వచ్చిన లిండ్సే డోల్‌గా కెల్లీ విలియమ్స్, ప్రాసిక్యూటర్ హెలెన్ గ్యాంబుల్‌గా లారా ఫ్లిన్ బాయిల్ కనిపిస్తారు. లిండ్సే, హెలెన్ ఒకే ఇంట్లో ఉండే స్నేహితురాళ్ళు, పొద్దున కోర్టులో ప్రత్యర్థులు. మన బార్‌లోనూ పీపీ (ప్రభుత్వం తరఫు ప్లీడరు) గారూ డిఫెన్సు ప్లీడరూ క్రాస్‌లో (అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఒకరినొకరు కరిచేసుకున్నంత పనిచేసి, కోర్టు లేచాక ఒకే బల్ల దగ్గర టీ తాగుతారు. బయట నిలబడి అది చూసిన పార్టీకి మాత్రం తన కేసు అమ్ముడుపోయిందన్న అనుమానం వస్తుంది. ఆ అనుమానాన్ని కెల్లీ ఇంకాస్త వాడుకొని ఉండాల్సింది.

లీసా గే హామిల్టన్ చేసిన రెబెకా వాషింగ్టన్ పాత్ర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మొదట్లో ఆమె ఆఫీసులో రిసెప్షనిస్టు, లెక్కలు, ఫోన్లు, పార్టీలను కూర్చోబెట్టడం అన్నీ ఆమె పనే. ఎవరికీ చెప్పకుండా లా చదువుకొని, పరీక్ష ప్యాసై, అదే ఆఫీసులో ప్లీడరవుతుంది. మన జిల్లా కోర్టుల్లో ప్రతి ఆఫీసునూ నిజంగా నడిపేది గుమాస్తాయే. ఏ కోర్టులో ఏ సమనుకు బత్తా కట్టాలి, నకలు దరఖాస్తు ఏ సెక్షన్లో ఆగింది, బెంచి క్లర్కు ఇవాళ ఏ మూడ్‌లో ఉన్నాడు, ఏ జామీనుదారు పాసుబుక్కు చెల్లదు, ఇవన్నీ కొత్తగా నల్లకోటు వేసుకున్న జూనియర్ కంటే అతనికే ముందు తెలుస్తాయి. అలాంటి మనిషి ఒకరోజు బల్లకు అటువైపు నుంచి ఇటువైపుకు వచ్చి కూర్చుంటే మిగతావాళ్ళు ఎలా సర్దుకుంటారన్న విషయాన్ని కెల్లీ రెండో సీజన్లో బాగా ఎత్తుకున్నాడు. అభినందనలు చెబుతూనే, ఇక ఫోన్లు ఎవరు ఎత్తుతారన్న ప్రశ్న అందరి కళ్ళల్లోనూ మెదలడం గమనించదగ్గది. తరవాత లూసీ హ్యాచర్ అనే కుర్రపిల్ల ఆ కుర్చీలోకి వస్తుంది, అదీ మంచి పాత్రే. అయితే ప్లీడరయ్యాక రెబెకాకు చేతినిండా పని ఇవ్వడం కెల్లీ మరచిపోయాడు. సీజన్లు గడిచేకొద్దీ ఆమె పక్కనుండి తల ఊపే మనిషిగా మిగిలిపోయింది. ఈ ధారావాహిక మీద నాకున్న పెద్ద ఫిర్యాదుల్లో అదొకటి.

జిమ్మీ బెర్లూటీ బ్యాంకు ఉద్యోగం పోగొట్టుకొని ఈ ఆఫీసుకు చేరిన ప్లీడరు. తన గురించి తానే టీవీలో ప్రకటన ఇచ్చుకుంటాడు, దానివల్ల జడ్జీల ముందు నవ్వులపాలూ అవుతాడు. మన దేశంలో ఆ ముచ్చట కుదరదు, ఎందుకంటే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం ప్రకారం న్యాయవాది ప్రకటనలు ఇచ్చుకోరాదు, ఆఖరికి గుమ్మం ముందు పెట్టే బోర్డు కూడా మితమైన సైజులోనే ఉండాలి. (పండగలకు శుభాకాంక్షలు చెప్పే ఫ్లెక్సీల సంగతి ఆ నియమంలో రాసి లేదు గనక, మా కర్నూలు రాజ్‌విహార్ సెంటరు పొడవునా అవి నిర్భయంగా వేలాడుతుంటాయి.) డబ్బు విషయంలో ఇంతకంటే పెద్ద తేడా ఒకటుంది, అది తెలియకపోతే ఈ ధారావాహిక మొదటి సీజన్లు మనవాళ్ళకు సరిగ్గా అర్థం కావు. అమెరికాలో సివిల్ నష్టపరిహారం దావాల్లో ప్లీడరు ముందుగా ఫీజు తీసుకోకుండా, గెలిస్తే వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవచ్చు. ఓడితే ఖర్చులన్నీ అతని నెత్తినే. లిండ్సే పొగాకు కంపెనీ మీద వేసిన దావా ఆ పద్ధతిలోదే, అందుకే ఆ కేసు నడుస్తున్నంతకాలం ఆఫీసు మొత్తం ఊపిరి బిగబట్టుకొని ఉంటుంది. గెలుపోటములు న్యాయానికి సంబంధించినవే కాక, వచ్చే నెల ఆఫీసు తెరిచి ఉంటుందా లేదా అన్నదానికీ సంబంధించినవి. మన దగ్గర 20వ నియమం అలా వాటా మాట్లాడుకోవడాన్ని స్పష్టంగా నిషేధిస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు పక్కనుంచే పోతుంది గనక మోటారు ప్రమాద పరిహారపు కేసులు మా కోర్టుల్లో ఎప్పుడూ ఉంటాయి. నియమం ఏం చెబుతుందో, వాస్తవంలో పార్టీలు ఏం మాట్లాడుకుంటారో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు విడిగా చెప్పనక్కరలేదు. నిజానికి చిన్న ఆఫీసుకు అద్దె కట్టేవి ఖూనీ కేసులు కావు. ఉల్లిగడ్డల వ్యాపారి ఇచ్చిన చెక్కు బౌన్సయిందని వేసే కేసులు, భాగపంపిణీ దావాలు, మనోవర్తి కేసులు, ఈ ప్రమాదపు కేసులే ఆ పని చేస్తాయి. ‘ది ప్రాక్టీస్’ ఈ చిల్లర కేసులను మొదటి సీజన్లలో గౌరవంగా చూపించింది. తరవాత వాటిని వదిలేసి వారానికో హత్యతో సరిపెట్టుకుంది.

ఇక ఈ ధారావాహికకు పేరు తెచ్చిన ‘ప్లాన్ బి’ సంగతి. ముద్దాయిని కాపాడడానికి వేరే దారి లేనప్పుడు, హత్య చేసింది ఇంకెవరో అయివుండవచ్చని జ్యూరీ ముందు వేలు చూపించడమే ఆ పథకం. ఆ వేలు తరచుగా చనిపోయిన మనిషి భర్త వైపో, తమ్ముడి వైపో తిరుగుతుంది. సాక్షిగా వచ్చి కన్నీళ్ళతో చీఫ్ ఎగ్జామినేషన్ (తనను పిలిచిన పక్షం అడిగే ప్రశ్నలకు జవాబులు) ముగించినవాణ్ణి క్రాస్‌లో నిలబెట్టి, ఆ రాత్రి ఎక్కడున్నావు, బీమా సొమ్ము ఎవరికి వచ్చింది, ఆమెతో గొడవపడింది నిజమా కాదా అని ఒక్కొక్క మెట్టే దించుతూ పోతారు. అతను చేయలేదని ప్లీడరుకు దాదాపు తెలుసు, అయినా అడుగుతాడు. అప్పుడు కెమెరా ప్లీడరు ముఖం మీద ఉండదు, ముద్దాయి మీదా ఉండదు. ఒక్క నిమిషం కింద బాధితుడిగా ఉండి ఇప్పుడు నిందితుడుగా మారిన ఆ మూడో మనిషి ముఖం మీద ఉంటుంది. ఈ దృశ్యాలు ఎన్నిసార్లు చూసినా నాకు ఇబ్బందిగానే ఉంటుంది, వాటి విలువ కూడా ఆ ఇబ్బందిలోనే ఉంది. మన సెషన్సు కోర్టుల్లో ఇదే పని ఒక మర్యాదపూర్వకమైన రూపంలో జరుగుతుంది. క్రాస్ చివర్లో డిఫెన్సు ప్లీడరు వరుసగా సూచనలు (తన వాదాన్నే ‘ఇది నిజమేనా’ అని సాక్షి ముందు పెట్టే ప్రశ్నలు) వేస్తాడు. ‘పొలం తగాదా వల్ల నేనే అతణ్ణి కొట్టించి, ముద్దాయి మీద అబద్ధపు కేసు పెట్టాననడం నిజం కాదు’ అని సాక్షి జవాబుగా రికార్డులోకి ఎక్కుతుంది. వాంగ్మూలం కాగితంలో చివరి నాలుగైదు వాక్యాలూ ఇలాగే ‘నిజం కాదు’ అని ముగుస్తాయి, సంతకం పడుతుంది, సాక్షి దిగిపోతాడు. ఎవరూ ఉలిక్కిపడరు. సూచన వేసిన ప్లీడరు కూడా ఆ రాత్రి నిద్రకు దూరం కాడు. బోస్టన్ ప్లీడర్లు దూరమవుతారు. మనం అలవాటుపడి పట్టించుకోవడం మానేసిన ఒక పనిని మళ్ళీ పట్టించుకునేలా చేసినందుకు కెల్లీకి నేను నమస్కారం పెడతాను.

‘అలాంటివాళ్ళ తరఫున ఎలా వాదిస్తారండీ?’ అని పెళ్ళిళ్ళలో, రైళ్ళలో ప్రతి క్రిమినల్ లాయరునూ అడుగుతారు. ‘వాడు చేసినాడా లేదా అని అడగొద్దురా, చార్జిషీటులో ఏం రాసినారో అది చదువు’ అని మా సీనియర్ గారు జూనియర్లకు చెప్పేవారు. యూజీన్ యంగ్ చెప్పే సమాధానం కూడా ఇంచుమించు అదే: నేరం రుజువు చేయవలసింది ప్రభుత్వం, దాన్ని చెమటోడ్చేలా చేయడం తన పని, ఆ పని మానేస్తే రేపు అమాయకుణ్ణి కూడా అంత సులువుగానే లోపల వేస్తారు. మన నియమాలూ అటువైపే ఉన్నాయి. తాను ప్రాక్టీసు చేసే కోర్టులో, తన స్థాయికి తగిన ఫీజు ఇస్తే ఏ కేసునైనా న్యాయవాది స్వీకరించాలని బార్ కౌన్సిల్ 11వ నియమం చెబుతుంది. ఫలానా ముద్దాయి తరఫున ఎవరూ వకాల్తా వేయకూడదని బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం చెల్లదని సుప్రీంకోర్టు 2010లో మహమ్మద్ రఫీ కేసులో తేల్చి చెప్పింది. కక్షిదారు చెప్పిన రహస్యాన్ని బయటపెట్టకూడదన్న సూత్రం పాత సాక్ష్యాల చట్టంలో 126వ సెక్షన్‌గా ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్‌గా ఉంది. ఈ సూత్రాలు పుస్తకంలో చదివినప్పుడు చాలా చక్కగా ఉంటాయి. హంతకుడు తన నోటితోనే ఒప్పుకున్నాక, అతని బదులు జైల్లో వేరే మనిషి కూర్చొని ఉన్నప్పుడు ఆ చక్కదనం ఏమవుతుందో ఈ ధారావాహిక ఓపికగా చూపిస్తుంది. జాన్ లారోకెట్ చేసిన జోయీ హెరిక్ అలాంటి పాత్రే. తన తెలివికి తానే మురిసిపోతూ, కోర్టును తన కోసం వేసిన నాటకంగా భావించే హంతకుడతను. ఆ అతిథి పాత్రకు 1998లో ఎమ్మీ కూడా వచ్చింది. అతను నవ్వించిన ప్రతిసారీ నవ్వినందుకు చూసేవాడికి సిగ్గేస్తుంది.

చట్టం తెలిసినవాడిగా దీన్ని ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్న సహజం. జ్యూరీని మనం వదిలేసి చాలాకాలమైంది. భార్య ప్రియుణ్ణి కాల్చిన నౌకాదళ అధికారిని జ్యూరీ నిర్దోషి అన్న 1959 నాటి నానావతి కేసుతో పేరు చెడిన ఆ పద్ధతికి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో చోటే దొరకలేదు. అందువల్ల ఇందులో ప్రతి కేసుకూ శిఖరంగా వచ్చే ముగింపు ప్రసంగాలు మనకు చూడముచ్చటగా ఉంటాయే తప్ప ఉపయోగపడవు. మన సెషన్సు జడ్జి గారి ముందు అలా కళ్ళు చెమర్చేలా మాట్లాడితే, ‘సైటేషన్లు (పై కోర్టుల పాత తీర్పులు) ఏమన్నా ఉంటే ఇవ్వండి, రాతపూర్వక వాదన ఎప్పుడిస్తారు?’ అని అడుగుతారు. జ్యూరీ కారణం చెప్పదు, మన జడ్జి పేజీల కొద్దీ కారణాలు రాయాలి. ఏది మేలో నాకు తెలుసు, కానీ నాటకానికి మాత్రం జ్యూరీయే మేలు. ఇంకో ముఖ్యమైన తేడా సోదాలది. వారంటు లేకుండా ఇల్లు వెతికి పట్టుకున్న సరుకును అమెరికా కోర్టు సాక్ష్యంగా తీసుకోకపోవచ్చు, ఈ ధారావాహికలో చాలా కథలు ఆ ఒక్క మేకు మీదే వేలాడుతుంటాయి. మన దగ్గర సోదా పద్ధతి తప్పినా దొరికిన సాక్ష్యం సాధారణంగా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1973లోనే పూరణ్‌మల్ కేసులో చెప్పింది. మన ఖూనీ కేసులు గెలిచేదీ ఓడేదీ వేరే చోట. ముద్దాయి చూపించాడంటున్న వేటకొడవలి నిజంగా అతను చూపిస్తేనే దొరికిందా, మధ్యవర్తుల నివేదిక మీద వీఆర్వో ఎక్కడ కూర్చొని సంతకం పెట్టాడు, ప్రత్యక్ష సాక్షులు కోర్టుకు వచ్చేసరికి ఏమీ చూడలేదని ఎందుకు అంటున్నారు? ఊళ్ళో పెద్దమనుషుల మధ్య రాజీ కుదిరిందని కోర్టు హాల్లో అందరికీ తెలిసి ఉండి, రికార్డులో మాత్రం ‘సాక్షి ఎదురు తిరిగాడు’ అని ఒక్క ముక్క ఉండడం రాయలసీమ క్రిమినల్ ప్రాక్టీసుకు కొత్త కాదు. అలాంటి కథ రాయడానికి కెల్లీ లాంటివాడు మనకు ఇంకా పుట్టలేదు.

బేరాల దృశ్యాలు మాత్రం అచ్చంగా నమ్మదగినవి. హెలెన్ గ్యాంబుల్ కోర్టు వరండాలో నడుస్తూ నడుస్తూనే ఎన్నేళ్ళ శిక్షకు ఒప్పుకుంటే ఏ సెక్షను వదిలేస్తుందో చెప్పేస్తుంది, లిఫ్టు తలుపు మూసుకునేలోపు ఒక మనిషి జీవితం తేలిపోతుంది. మన చట్టంలోకి కూడా 2006లో ఏడేళ్ళలోపు శిక్షపడే నేరాలకు ఈ ఒప్పందపు పద్ధతి వచ్చింది కానీ, దాన్ని వాడేవాళ్ళు చాలా అరుదు. జడ్జీలలో హాలండ్ టేలర్ చేసిన రాబర్టా కిటిల్‌సన్ మరపురాని పాత్ర, 1999లో ఆమెకూ ఎమ్మీ వచ్చింది. అప్పీళ్ళు ఈ ధారావాహికలో తక్కువ, వచ్చినా అదే ఊళ్ళో తేలిపోతాయి. తన ఊళ్ళో హైకోర్టు బెంచి కోసం ఏళ్ళ తరబడి అడుగుతూ, 2024 నవంబరులో శాసనసభ తీర్మానం దాకా వచ్చి, ఇప్పటికీ బస్సెక్కి అమరావతి దాకా పోయివచ్చే కర్నూలు ప్లీడరుకు అది కాస్త అసూయ కలిగించే విషయమే.

పతనం ఎక్కడ మొదలైందో చెప్పాలంటే కథ కొంత బయటపెట్టక తప్పదు. ఇంకా చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయవచ్చు. మూడో సీజన్లో ఎలెనార్ పరిచయస్థుడైన జార్జ్ వోగల్‌మన్ అనే కాళ్ళ వైద్యుడు, తన వైద్యపు సంచిలో ఒక స్త్రీ తల ఉందంటూ ఆఫీసుకు వస్తాడు. ఎలెనార్ అతని కోసం వాదించి విడిపిస్తుంది, స్నేహితుడని నమ్ముతుంది కూడా. సీజన్ చివర నన్ (క్రైస్తవ సన్యాసిని) వేషంలో వచ్చి లిండ్సేను పొడిచింది అతనే అని తేలుతుంది. అక్కడిదాకా కథ గొప్పగా నడిచింది, ఎందుకంటే ఆ కత్తిపోటు వెనక ఆఫీసు మొత్తం చేసిన పని ఉంది. కానీ దానికి వచ్చిన పేరు చూసి, కెల్లీ అదే మందును మళ్ళీ మళ్ళీ తాగించాడు. ప్రాసిక్యూటర్ రిచర్డ్ బే హత్యకు గురవుతాడు. లిండ్సే తన గుమ్మంలో నిలబడ్డ పాత క్లయింటును కాల్చి, ముద్దాయి స్థానంలో నిలబడి, శిక్షపడి, జైలుకు వెళ్ళి వస్తుంది. బాబీ, లిండ్సేల పెళ్ళి కూడా వీటి మధ్య నలిగిపోతుంది. ప్లీడరు ఇంకొకరి కష్టాన్ని భుజాన వేసుకోవడం ఈ వృత్తిలోని నాటకీయత. ప్రతి కష్టమూ ప్లీడరుదే అయిపోయాక అది కోర్టు కథ కాకుండా పోతుంది, డైలీ సీరియల్ అవుతుంది. ఆరు, ఏడు సీజన్లను నేను ఓపికతో చూశానే తప్ప ఇష్టంతో చూడలేదు.

2003లో ప్రేక్షకులు తగ్గిపోవడంతో ఏబీసీ ఈ ధారావాహికకు ఇచ్చే సొమ్మును దాదాపు సగానికి కోసింది. ఫలితంగా మెక్‌డర్మట్, విలియమ్స్, బాయిల్, హామిల్టన్ సహా ప్రధాన నటుల్లో చాలామందిని తీసేశారు. కథలో ఇన్నేళ్ళూ తప్పించుకుంటూ వచ్చిన దివాలా, కథ బయట నిజంగానే వచ్చి కూర్చుంది. ఆ ఖాళీలోకి జేమ్స్ స్పేడర్ చేసిన ఆలెన్ షోర్ వచ్చాడు. నీతి నియమాలు తనకు వర్తించవనుకునే, ఆ మాట నవ్వుతూ పైకే చెప్పేసే ఈ ప్లీడరు ఎనిమిదో సీజన్ను ఒంటిచేత్తో లేపి నిలబెట్టాడు. స్పేడర్‌కు 2004లో ఉత్తమ నటుడి ఎమ్మీ వచ్చింది, డెన్నీ క్రేన్‌గా అతిథిగా వచ్చిన విలియమ్ షాట్నర్‌కూ అదే ఏడాది అతిథి నటుడి ఎమ్మీ వచ్చింది. ఆఫీసు వాళ్ళు ఆలెన్‌ను తీసేయడం, అతను వాళ్ళ మీదే దావా వేయడం, డెన్నీ క్రేన్ పెద్ద ఆఫీసులో చేరడం, అక్కడినుంచి 2004లో ‘బోస్టన్ లీగల్’ అనే కొత్త ధారావాహిక మొదలవడం జరిగిపోయాయి. అది 2008 వరకు సరదాగా నడిచింది. సరదా అన్న మాట మెచ్చుకోలుగానే అంటున్నాను కానీ, యూజీన్, జిమ్మీ, ఎలెనార్ తమ సొంత ఇంట్లోనే అతిథులుగా మారిపోవడం చూస్తే పాత ప్రేక్షకుడికి బాధగానే ఉంటుంది. చివరి ఎపిసోడ్లలో యూజీన్ జడ్జి కావడం, జిమ్మీ తన పాత పేటకు వెళ్ళి సొంతంగా బోర్డు పెట్టుకోవడం మాత్రం ఆ పాత్రలకు తగిన న్యాయమే.

చూడదలచుకున్నవాళ్ళకు నా సలహా ఇది. మొదటి సీజన్లో ఆరు ఎపిసోడ్లే ఉన్నాయి గనక అక్కడ మొదలుపెట్టండి; రెండు, మూడు సీజన్లను ఒక్క ఎపిసోడూ వదలకుండా చూడండి, ఎందుకంటే కథలు ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి పాకుతాయి. నాలుగు, ఐదు సీజన్లను కేసుల కోసం చూసి, ప్లీడర్ల సొంత ఆపదలు వచ్చినప్పుడు ముందుకు జరపవచ్చు. ఆరు, ఏడు వదిలేసినా నష్టం లేదు. ఎనిమిదోది స్పేడర్ కోసం, వేరే ధారావాహిక అనుకొని చూడండి. హత్యల వర్ణనలు బాహాటంగా ఉంటాయి, కాబట్టి ఇంట్లో పిల్లలతో కూర్చొని చూసేది కాదు. బోస్టన్ ఇంగ్లీషు, అందులోనూ కోర్టు ఇంగ్లీషు, చాలా వేగంగా పోతుంది గనక అక్షరాలు కింద వచ్చేలా పెట్టుకోవడం మేలు. జూనియర్ న్యాయవాదులు మాత్రం ఇందులోని ముగింపు ప్రసంగాలు బట్టీపట్టే బదులు యూజీన్ యంగ్ చేసే క్రాస్‌లను శ్రద్ధగా వినాలి. అతను జవాబు తెలియని ప్రశ్న వేయడు, కావలసిన జవాబు వచ్చాక ఇంకో ప్రశ్న వేయడు, సాక్షి తడబడినప్పుడు తొందరపెట్టడు. మా కోర్టు హాళ్ళలో ఆఖరి ఒక్క ప్రశ్న ఎక్కువ వేసి ముద్దాయిని జైలుకు పంపిన క్రాస్‌లు తక్కువేమీ కావు.